సంగీతోత్సవానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్

గుడారం సంపాదించాలి. దాన్ని విప్పడం నేర్చుకోవాలి. విప్పినదాన్ని తిరిగి అదే సంచిలో దూర్చడం నేర్చుకోవాలి. ఇది ఇంతవరకూ ఏ మనిషికీ సాధ్యపడలేదని మా ఆఫీసులో చెప్పుకుంటున్నారు. మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు వెతకాలి. సెలవు చీటీలో కారణం రాయాలి. ‘పాటలు వినడానికి’ అని రాస్తే మా పైఅధికారి నన్ను డాక్టరుకు చూపిస్తాడు కాబట్టి ‘ముఖ్యమైన ఇంటి పని’ అని రాయాలి. నాన్నను ఒప్పించాలి. నాన్న ఒప్పుకోవాలంటే బాబాయిని ఒప్పించాలి. బాబాయి ఒప్పుకోవాలంటే ముందు బాబాయి చెప్పేదంతా వినాలి.

ఇంత చాకిరీ చేసి, ఊరికి దూరంగా ఒక బీడులో, ఎవరూ పేరైనా వినని బ్యాండ్లు వాయిస్తుంటే వినడానికి మూడు రోజులు నేల మీద పడుకోవడం అవసరమా అని మీరు అడగవచ్చు. అవసరమే అంటాను. అంతటితో ఆగను. బురద, టాయిలెట్ ముందు లైను, సిగ్నల్ అందని ఫోను ఈ కాలపు మనిషికి దక్కిన వరాలని నిరూపించి మరీ వదులుతాను.

ముందు నా అర్హత చెప్పుకోవాలి కదా. నేను లిఫ్టులు తనిఖీ చేసే ఆఫీసులో ఇన్‌స్పెక్టర్ని. లిఫ్టులో అద్దం పక్కన, ఇంతమంది మాత్రమే ఎక్కవలెను అని ఒక కాగితం అతికించి ఉంటుందే, దాని కింద ఉండే అర్థం కాని సంతకం నాది. మా వంశంలో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషిని కూడా నేనే. అందువల్ల మా ఇంట్లో మిక్సీ కొన్నా, అమ్మ మోకాలికి మందు మార్చినా, పక్కింటివాళ్లు విడాకులు తీసుకోవాలనుకున్నా నా దగ్గరికే వస్తారు. “చదువుకున్న పిల్ల, చూసి చెప్తుంది” అంటారు. నేను చదివింది మోటార్ల గురించి. అయినా చూసి చెప్తాను. ఏం చేయను, చదివించారు.

ఇప్పుడు నా ముందుకొచ్చిన ఫైలు మా చెల్లిది.

మా చెల్లి డ్రమ్స్ వాయిస్తుంది. మాకు కింద లాండ్రీ షాపు, పైన రెండు గదుల ఇల్లు. డ్రమ్ములు పెట్టడానికి చోటు లేదు. ఉన్నా, ఆ మోతకి షాపుకొచ్చేవాళ్లు బట్టలు వదిలేసి పారిపోతారు. అందుకని ఉతికి ఆరిన దుప్పట్ల మూటలు రెండు ముందు పెట్టుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, వాటి మీద వాయిస్తుంది. తనకేం వినపడుతుందో మాకు తెలియదు. మాకు మాత్రం ఎవరో తీరిగ్గా పరుపు దులుపుతున్నట్టు ఉంటుంది. అసలు డ్రమ్ములు వాళ్ల బ్యాండు కుర్రాడి ఇంటి గ్యారేజీలో ఉన్నాయి. అక్కడికి మాలో ఎవరమూ ఎప్పుడూ వెళ్లలేదు.

ఏ కంపెనీ బ్యానరూ లేకుండా కొందరు స్నేహితులు సొంతంగా నడుపుకునే ఈ ఫెస్టివల్లో వాళ్ల బ్యాండుకి అరగంట దొరికింది. ఆ సంగతి చెప్పడానికి చెల్లి మెట్లన్నీ దూకుతూ కిందికి వచ్చింది.

“ఆ మూటలు కొట్టడానికి అడవిలో మూడు రోజులుండాలా?” అన్నాడు నాన్న, ఇస్త్రీ పెట్టె ఆపకుండానే.

“మూటలు కాదు నాన్నా, డ్రమ్స్. అడవి కాదు, బీడు.”

“ఏదైతేనేం. సరే, అందరం వచ్చి చూస్తాం. ఇది పనికొచ్చే పనే అనిపిస్తే నీ ఇష్టం, నేను అడ్డు రాను. లేదంటే వచ్చే నెల నుంచి బుద్ధిగా ఈ కౌంటర్లో కూర్చో. మనిషి లేక చస్తున్నాం.”

“నిజంగా వస్తారా?”

“ముందు మీ అక్కని కనుక్కోమను. మనం వెళ్లదగ్గ చోటో కాదో అది చెప్తుంది.”

ఆ సాయంత్రం చెల్లి నా పక్కన చేరింది. “అక్కా, నీకు పుణ్యం ఉంటుంది. బ్రహ్మాండంగా ఉందని చెప్పెయ్.”

“కనుక్కోకుండా ఎలా చెప్తానే? నా సంతకానికి విలువ ఉండొద్దూ?”

“లిఫ్టుకి కాదే సంతకం, నాకు.”

అంచేత నేను పూర్తి నిష్పాక్షికంగా, నా చెల్లెలి పక్షాన, విచారణ మొదలుపెట్టాను.

మొదట బురద. పోయినేడాది ఫొటోల్లో నేల కనపడదు, బురదే కనపడుతుంది. నాన్న కళ్లజోడు పెట్టుకుని, ఫోను దగ్గరగా తెచ్చుకుని, రోగి ఎక్స్‌రే చూసినట్టు చూశాడు. “ఇది వదలదు” అన్నాడు. నేను వదలలేదు. నాన్నా, బురద ఎంత గొప్పదో చూడు అన్నాను. బయట ప్రపంచంలో మనిషిని చొక్కా మడత చూసి లెక్కగడతారు. అక్కడ అందరి మడతలూ ఒక్కటే. లోను ఇవ్వనన్న బ్యాంకు మేనేజరూ, ఆ లోను అడిగినవాడూ పక్కపక్కనే దిగబడి, ఒకరి బూటు ఒకరు లాగిపెట్టి, జీవితాంతం స్నేహితులైపోయిన సందర్భాలు ఉండకపోవు. రాజ్యాంగాలు రాసి సాధించలేని సమానత్వాన్ని ఒక్క వాన సాధించగలదు. ఇంతకన్నా ఏం కావాలి?

నాన్నకి సమానత్వం మీద పెద్దగా గురి కుదరలేదు. కాని కాసేపటికి ఫొటోను మళ్లీ పెద్దది చేసుకుని చూశాడు. “ఇంతమంది ఈ బట్టలు ఎక్కడో ఒకచోట ఉతికించుకోవాలిగా” అన్నాడు. “షాపు కార్డులు ఒక కట్ట పట్టుకెళ్దాం.”

ఒక ఓటు పడింది.

తరువాత టాయిలెట్లు. వీటి గురించి తెలుసుకోవడానికి మా ఆఫీసులో ‘గుడారం గారు’ అని పిలుచుకునే సహోద్యోగిని పట్టుకున్నాను. ఇలాంటి ఫెస్టివల్‌కి వెళ్లొచ్చి, వెళ్లని మమ్మల్ని జాలిగా చూసే మనిషి. “సంగీతం ఎలా ఉంటుందండీ?” అని అడిగాను. “టాయిలెట్లకి పొద్దున్నే వెళ్లిపోవాలి” అన్నాడు. “కాదండీ, సంగీతం?” “చెట్టు కింద గుడారం వేశారో, ఇక అంతే. పిట్టలు పాడు చేసేస్తాయి.”

సరే, ఆయనొక్కడి మాట పట్టుకుంటే విచారణ అనిపించుకోదని ఇంటర్నెట్‌లో అభిప్రాయాలన్నీ చదివాను. ఒకరు నీడ బాగుందని నాలుగు చుక్కలు ఇచ్చారు. ఒకరు తేనెటీగ కుట్టిందని మూడు చుక్కలు కోశారు. ఒకావిడ కాఫీని పొగడడానికే పెద్ద వ్యాసం రాసింది. మధ్యాహ్నం లైనులో ముందుండకపోతే భోజనం అయిపోతుందని దాదాపు అందరూ కన్నీళ్లతో రాశారు. సంగీతం గురించి ఒక్కరంటే ఒక్కరూ రాయలేదు. ఇన్‌స్పెక్టర్‌గా దీన్ని శుభసూచకంగా నమోదు చేసుకున్నాను. లిఫ్టు బాగా నడుస్తుంటే దాని గురించి ఎవరూ మాట్లాడరు. సంగీతమూ అంత చక్కగా నడుస్తోందన్నమాట.

అమ్మకి టాయిలెట్ లైను సంగతి దాచకుండా చెప్పాను. చాలా పొడుగు ఉంటుందన్నాను. ముందూ వెనకా అందరూ ఆడవాళ్లేనన్నాను.

“అంతసేపు నిలబడి ఏం చేస్తారే?”

“ఏం చేస్తారమ్మా, కబుర్లు చెప్పుకుంటారు. వేరే దారి లేదు.”

“మధ్యలో ఎవరూ కాఫీ పెట్టమని పిలవరా?”

“లైను వదిలిపెట్టి వస్తే చోటు పోదూ? ఎవరు పిలుస్తారు?”

అమ్మ పొయ్యి తగ్గించి, చెయ్యి తుడుచుకుని, “ఎన్ని రోజులన్నావ్?” అంది. ఆలోచించి చూడండి. మన ఇళ్లలో ఒక ఆడమనిషి ఏ పనీ చెయ్యకుండా అంతసేపు నిలబడితే ఎవరైనా ఊరుకుంటారా? అక్కడ నిలబడడమే పని. ఇలాంటి లైన్లను ప్రభుత్వమే వీధికొకటి ఏర్పాటు చేయాలని నా మనవి.

రెండో ఓటు.

ఇక బాబాయి. బాబాయి స్కూలు బస్సు నడుపుతాడు. పొద్దున లేచింది మొదలు పిల్లల తల్లిదండ్రులందరూ ఫోన్లు చేసి బస్సు ఎక్కడుందని అడుగుతారు. బస్సు వాళ్ల గుమ్మం ముందున్నా అడుగుతారు. బాబాయికి నచ్చజెప్పడానికి నేను రాత్రంతా కూర్చుని వాదనలు తయారు చేసుకున్నాను. వెళ్లి కూర్చుని, ఆనవాయితీ ప్రకారం కొత్త గేర్‌బాక్సు గురించి వింటూ, మధ్యలో ఆయన ఊపిరి పీల్చుకున్నప్పుడు, “అక్కడ సిగ్నల్ ఉండదు బాబాయ్” అన్నాను.

బాబాయి గేర్‌బాక్సు ఆపేశాడు. “ఫోన్ చెయ్యకూడదా, చెయ్యలేరా?”

“చెయ్యలేరు.”

“ఎవ్వరూ?”

“ఎవ్వరూ.”

చెప్పులు వేసుకుని, అప్పటికప్పుడు వెళ్లి గుడారం కొనుక్కొచ్చాడు. నా వాదనలు వాదనల్లాగే మిగిలిపోయాయి.

ఆ గుడారాన్ని మా ముందుగదిలో పరీక్షించాం. సంచి జిప్పు తీయగానే అది ఎవరి సాయమూ అడగకుండా దానంతటదే లేచి, కుర్చీని గోడకి నెట్టి, ఆరేసిన చీరల దండెం తెంపి, బాబాయిని తలుపు బయటికి పంపించింది. అమ్మ వంగి లోపలికి వెళ్లి కూర్చుంది. ఎంతకీ రాలేదు.

“ఏం చేస్తున్నావే లోపల?” అన్నాడు నాన్న.

“ఏం లేదు. ఇక్కడ బానే ఉంది.”

“అన్నం?”

“మీరు వడ్డించుకోండి.”

ఎవరికీ తెలియని బ్యాండ్ల విషయం ఒకటి మిగిలింది. అదీ తేల్చేశాను. తెలిసిన పాటైతే పక్కవాడు మనకన్నా గట్టిగా పాడి మన చెవి చిల్లు పెడతాడు. తెలియని పాటకి ఆ ప్రమాదం లేదు. పైగా వాళ్లు తప్పు వాయించినా మనకి తెలియదు. “అది పొగడ్తో తిట్టో కాస్త చెప్తావా?” అంది చెల్లి. నిష్పాక్షికమైన అభిప్రాయమన్నాను.

అలా మా ఇంటిల్లిపాదీ ఏకగ్రీవంగా, ఈ ఫెస్టివల్ తప్పక వెళ్లదగినది అని తేల్చారు. నా ఉద్యోగంలో ఇంత శుభ్రంగా పాసైన లిఫ్టు లేదు. నాన్న కార్డులు అచ్చు వేయించాడు. అమ్మ లైనులో చెప్పుకోవలసిన కబుర్లు పోగేసుకుంటోంది. బాబాయి ఫోను ఆపేయడం ఇప్పటినుంచే సాధన చేస్తున్నాడు.

నిన్న చెల్లి కార్యక్రమాల పట్టిక తెచ్చింది. వాళ్లకిచ్చింది పెద్ద వేదిక కాదు, జనరేటరు పక్కనున్న చిన్న వేదిక. రెండో రోజు. మధ్యాహ్నం.

“మధ్యాహ్నమంటే భోజనాల వేళేగా?” అన్నాడు బాబాయి.

“అవును బాబాయ్. కొత్తవాళ్లకి అదే ఇస్తారు.”

“లైనులో ముందుండకపోతే అయిపోతుందట. మీ అక్క చెప్పింది.”

చెప్పింది నేనే. కాదనలేను. “అరగంటే నాన్నా” అన్నాను. “అది వాయించేది అప్పుడే. మనం వెళ్తున్నది దానికే కదా.”

“అరగంటేగా మరి” అన్నాడు నాన్న. “ఇంట్లో రోజూ వింటూనే ఉన్నాంగా. నువ్వు లైను మొదట్లో నిలబడు, మేం నీ వెనకాల చేరతాం.”

అమ్మ చెల్లి తల నిమిరింది. “నువ్వు కంగారు పడకుండా వాయించుకోమ్మా. నీ ప్లేటు మేం పెట్టించి ఉంచుతాం.”

“మరి నేను బాగా వాయించానో లేదో ఎలా చెప్తావు నాన్నా?” అంది చెల్లి. మెల్లగానే అడిగింది.

“తిండీ, టాయిలెట్లూ ఎలా ఉన్నాయో చూస్తే వాళ్లెలాంటి వాళ్లో తెలిసిపోదూ?” అన్నాడు నాన్న. ఆయన గొంతులో ఏ కపటమూ లేదు. కూతురి భవిష్యత్తు విషయంలో తొందరపడకూడదని, అన్నీ చూసే నిర్ణయించాలని ఆయన పట్టుదల.

చెల్లి పట్టికను మడిచి జేబులో పెట్టుకుంది. ఆ రాత్రి మూటల ముందు కూర్చుంది కాని చేతులు కదపలేదు. పరుపు దులుపుతున్న చప్పుడు లేకపోతే మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదని నాకు నిన్ననే తెలిసింది.

లిఫ్టు పరీక్షలో మేం తాళ్లు చూస్తాం, బ్రేకు చూస్తాం, తలుపు చూస్తాం. ఎక్కినవాళ్లు ఏ అంతస్తుకి వెళ్దామనుకున్నారో ఏ ఇన్‌స్పెక్టరూ అడగడు. మా ఫారంలో ఆ గడి లేదు.

కాబట్టి పాఠకులారా, నా సర్టిఫికెట్ ఇదిగో: నేల మెత్తన, లైను పొడుగు, కాఫీ అమోఘం, ఫోను మూగ. నిశ్చింతగా వెళ్లండి. నేనూ వెళ్తున్నాను. కాకపోతే మా ఇంటి చరిత్రలో మొదటిసారి, నాకు అప్పజెప్పిన చోట నిలబడబోవడం లేదు. ఆ అరగంటా జనరేటరు పక్కన ఉంటాను. నన్ను వెతుక్కుంటూ ముగ్గురూ ప్లేట్లతో అటు వచ్చి, కోపంగానైనా సరే ఆ చప్పుడు విని ఆగుతారేమోనని నా ఆశ. ఈ సంగతి ఇంట్లో చెప్పకండి.

మీరు ఆ బీడు దాకా రాలేకపోయినా ఫర్వాలేదు. ఏదో ఒక మధ్యాహ్నం, ఎక్కడో ఒకచోట, మీరూ ప్లేటు పట్టుకుని లైనులో నిలబడే ఉంటారు. దూరంగా ఎవరో ఏదో వాయిస్తున్నట్టు వినపడుతుంది. అప్పుడు ఒక్కసారి మా చెల్లిని తలుచుకోండి.