గడప లేని బండి

ఆషాఢ మాసాన్ని కనిపెట్టినవాడికి పెళ్లయి ఉండదు. అయి ఉన్నా, నలభై రోజులు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి.

మాకు సరిగ్గా నలభై రోజులు. మిర్యాలగూడలో రైసుమిల్లు ఉన్నవాణ్ణి, హైదరాబాదులో బి.ఏ. చదివినవాణ్ణి, అద్దం ముందు నా దువ్వెన పక్కన ఇంకో దువ్వెన కనబడితే నిలబడి నవ్వుకుంటున్నానంటే నా పరిస్థితి మీకే అర్థమవుతుంది.

అంతలో ఆషాఢం వచ్చిపడింది. కొత్త కోడలు పుట్టింటికి పోవాలి. అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదు. కొత్త అల్లుడు అత్తగారింటి గడప తొక్కకూడదు. మా మామగారు ఈశ్వరయ్యగారు కోదాడ నుంచి వచ్చి ముందుగదిలో కూర్చున్నారు. లోపలి గదిలో మా ఆవిడ స్వరాజ్యలక్ష్మి పెట్టె సర్దుతోంది. ఆమె పెట్టిన చీరలు నేను ఒక్కొక్కటే తీసి మళ్లీ దండెం మీద వేస్తున్నాను.

"ఆ చీర ఇటివ్వండి" అంది.

"ఇది గీడనే ఉండనీ."

"ఎందుకు, మీరు కట్టుకుంటారా?"

"నెల రోజులు స్వరాజ్యం. నెలంటే ముప్పై."

"బి.ఏ.లో లెక్కలు బాగానే చెప్పారు."

నేను తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించాను. "నాకొక ఉపాయం తోచింది. పెద్దోళ్లు ఏమన్నరు? గడప తొక్కొద్దన్నరు. గడప లేని చోట కలుసుకుంటే?"

"గడప లేని చోటంటే బస్టాండే. కోదాడ బస్టాండులో మా బాబాయి బెల్లం కొట్టుంది. ఇద్దరం కలిసి బెల్లం తిందాం."

"బస్టాండు కాదు. కార్ల."

"ఎవరి కారు?"

"మనదే."

ఆమె వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు.

నిజానికి ఆ కారు సంగతి మా ఇల్లు దాటి ఎవరికీ తెలియదు. మా తాత సీమ నుంచి ఓడలో తెప్పించుకున్న నల్ల కారు అది. ఆ రోజుల్లో ఈ చుట్టుపక్కల అలాంటివి మూడే ఉండేవట. ఒకదాన్ని రజాకార్లు పట్టుకుపోయారు. ఒకటి ఏమైందో ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు. మూడోదాన్ని మా తాత చక్రాలు విప్పి, నాలుగు దిమ్మల మీద కూర్చోబెట్టి, మిల్లు వెనక కొట్టంలో ఊక బస్తాల మధ్య దాచాడు.

రజాకార్లు పోయి పద్దెనిమిదేళ్లయింది. అయినా కారు బయటికి రాలేదు. "బయటికి తీస్తే ఊర్లె ప్రతి పెండ్లికీ అడుగుతరు" అని మా నాన్న లక్ష్మీనర్సయ్య భయం. రజాకార్లు ఒక్కసారే వచ్చారు గానీ పెళ్లిళ్లు ఏటా వస్తాయి.

ఈలోగా మా అమ్మ రుక్మిణమ్మ ఆ కారును పనిలో పెట్టింది. చుట్టూ అద్దాలు, ఎలుకలు దూరవు. దిమ్మల చుట్టూ నాలుగు నీళ్ల తొట్లు కట్టించింది, చీమలు ఎక్కవు. ముందు సీట్లో చింతకాయ తొక్కు, వెనక సీట్లో మామిడికాయ తొక్కు, డిక్కీలో అప్పడాలు. మొత్తం పందొమ్మిది జాడీలు. స్నానం చేయకుండా ఎవరూ తలుపు ముట్టకూడదు. జిల్లాలో మడి పాటించే కారు అదొక్కటే.

ఇదంతా విని స్వరాజ్యం నోరు తెరిచింది. "అత్తమ్మ రోజూ 'బండిలకెళ్లి తొక్కు తెస్త, ఆగు' అంటుంటే ఎడ్లబండేమో అనుకున్నానండీ. ఇన్ని గదులుండి తొక్కు ఎడ్లబండిలో ఎందుకు పెడతారని అడగడానికి సిగ్గేసి ఊరుకున్నా."

"నాలుగో ఆదివారం ఆ బండి మీ వాకిట్ల ఆగుతది. నువ్వొచ్చి కూసుంటవ్. నేను మీ గడప తొక్కినట్టా?"

"తొక్కినట్టు కాదు."

"నువ్వు మా గడప దాటినట్టా?"

"దాటినట్టు కాదు. అత్తమ్మ ఒప్పుకున్నారా?"

"అమ్మకు తెలిస్తే ఖతం. తొక్కు దించనిస్తదా?"

ఆమె నవ్వి, నా చేతిలోంచి చీర లాక్కుని పెట్టెలో పెట్టేసింది.

మర్నాడే పని మొదలుపెట్టాను. మా మిల్లు ఇంజను చూసే దస్రును పట్టుకున్నాను. తండా నుంచి వస్తాడు. ఆగిపోయినదాన్ని ఏదైనా సరే చెవి ఆనించి విని, రోగం చెప్పగలడు. కారుకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"ఏమంటుంది దస్రూ?"

"ఎల్లిపాయ వాసనొస్తుంది చిన్న సేటు."

"నడుస్తదా అంట?"

"జీవునం ఉంది. జర టైం బడుతది."

టైర్ల కోసం సూర్యాపేట పోయి, నాలుగు పాత టైర్లు బస్సు మీద వేసుకొచ్చాను. అమ్మ అడిగితే మిల్లు బెల్టులన్నాను. అమ్మ వాటిని పైనుంచి కిందికి చూసి "మంచిగున్నయి" అంది. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

అసలు కష్టం జాడీలది. అమ్మ మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు రోజుకు రెండు చొప్పున దించి, కొట్టంలోనే ఓ మూల బల్ల మీద పెట్టాలి. కొట్టం తాళంచెవి ఎప్పుడూ అమ్మ నడుముకే ఉండేది. ఆ వారం నుంచి ఎందుకో మేకుకు వేలాడటం మొదలైంది. నా అదృష్టమనుకున్నాను. మడి చెడితే ఏడాది తొక్కు పాడవుతుందని నాకూ భయమే. అందుకని ప్రతిసారీ బావి దగ్గర స్నానం చేసి, తడి పంచెతో మోశాను.

"ఏందిరా రాధాకృష్ణా, దినాం మూడు తాపల తానం?" అంది అమ్మ ఒకరోజు.

"ఉక్కపోస్తుందమ్మా."

బయట వాన ధారగా కురుస్తోంది. అమ్మ వానను చూసింది, నన్ను చూసింది. "పోస్తది, పోస్తది" అంది.

ఇంకో బాధ వచ్చిపడింది. అమ్మకు కంటిచూపు ఎప్పుడో తగ్గింది. వారపత్రికలో వచ్చే సీరియల్ ఆమెకు స్వరాజ్యమే చదివి వినిపించేది. ఆ ఉద్యోగం ఇప్పుడు నా నెత్తిన పడింది. రాణి చెరసాలలో ఏడుస్తున్న ఘట్టం. నేను నాలుగు వాక్యాలు చదివేసరికి అమ్మ చెయ్యెత్తింది.

"ఆపురా. నువ్వు సదువుతుంటే రాణి ఏడుస్తుందో, వడ్ల బస్తాలు లెక్కబెడుతుందో తెలుస్తలేదు. సొరాజ్యం సదివితే నాకు గూడ ఏడుపొచ్చేది."

"ఇంకో పది దినాలాగు, వస్తది."

"ఆగుతనా మరి" అని, కోడలికి ఉత్తరం రాయమంది. అమ్మ చెబుతుంటే నేనే రాశాను. 'మూడు వారాల పత్రికలు జాగ్రత్తగా దాచిపెట్టు. ఈ ఆదివారం పొద్దున్నే తలంటుకుని, మంచి చీర కట్టుకుని ఉండు.' ఆ రెండో వాక్యం నాకు ఎంత నచ్చిందంటే, దాని కింద గీత కూడా గీశాను. నా కార్యక్రమానికి అమ్మే సాయం చేస్తోందని లోలోపల నవ్వుకున్నాను.

శనివారం మధ్యాహ్నం దస్రు హ్యాండిలు తిప్పగానే కారు దగ్గి, తుమ్మి, బతికింది. అమ్మకు వినబడకుండా పక్కన మిల్లు ఇంజను కూడా నడిపించాం.

ఆదివారం ఎనిమిది గంటలకు పెళ్లినాటి పట్టు చొక్కా వేసుకుని, మల్లెపూల పొట్లం పట్టుకుని కొట్టానికి వెళ్లాను.

తలుపులు తెరిచి ఉన్నాయి. పందొమ్మిది జాడీలు బల్ల మీద వరుసగా ఉన్నాయి. నాలుగు నీళ్ల తొట్లున్నాయి. మధ్యలో కారు లేదు.

తొట్ల మధ్య రెండుసార్లు అటూ ఇటూ నడిచాను, అంత పెద్ద కారు ఎక్కడైనా పక్కకు జరిగి ఉంటుందేమోనని. జాడీల వెనక కూడా చూశాను. మనిషికి మతి పోతే అలాగే ఉంటుంది.

మిల్లు గేటు దగ్గర పూలమ్మే రేణుకమ్మను అడిగాను.

"నల్లబండా? ఏడు గంటలకే పాయె, ఉజూర్‌నగర్ దిక్కు. దస్రు నడుపుతుండె. ఎనక ఎవరో పెద్దామె మొకం నిండ కొంగు గప్పుకొని కూసుంది."

దస్రు వాళ్లమ్మతో సహా పారిపోయాడన్నమాట. ఇంటికి పరుగెత్తాను. అమ్మ లేదు. గుడికి పోయి ఉంటుంది, ఇంకా తెలియదు, అదొక్కటే అదృష్టం. మా తాత రజాకార్లకు దొరకనివ్వకుండా దాచిన కారు. ప్రాణానికి తెగించి దాచాడు. దాన్ని నేను మూడు వారాల్లో మనిషిని పిలిచి, టైర్లు తొడిగి, పెట్రోలు పోసి మరీ సాగనంపాను. మా నాన్న మొహం ఎలా చూడాలి? అక్కడ తలంటుకుని, మంచి చీర కట్టుకుని ఎదురుచూస్తున్న మనిషికి ఏం చెప్పాలి?

కోదాడ బస్సు ఎక్కాను. నిలబడటానికే చోటు లేదు. మల్లెపూల పొట్లాన్ని రెండు కోళ్ల గంపల మధ్య పట్టుకున్నాను. హుజూర్‌నగర్‌లో బస్సు ఆగగానే దిగి చాయ్ దుకాణంలో అడిగితే, "పొయ్యింది సార్, కోదాడ తొవ్వకే. మస్తు పొగ" అన్నారు. దొంగ కూడా కోదాడకే పోతున్నాడని ఆశ్చర్యపడ్డానే గానీ, బుర్ర అంతకంటే ముందుకు పోలేదు.

కోదాడలో దిగేసరికి వాన. మామగారి వీధి మలుపు తిరిగాను. వాళ్ల వాకిట్లో జనం గుంపు, మధ్యలో కారు.

గుంపును తోసుకుంటూ దగ్గరికి వెళ్లాను. కారు ఉంది. నాలుగు చక్రాలూ ఉన్నాయి. అద్దాల మీద ఆవిరి పట్టింది. లోపల నుంచి మా ఆవిడ గొంతు వినబడుతోంది. "అంతట రాణి చెరసాల గోడకు తల ఆనించి..." అక్కడే ఎవరో ముక్కు చీదుతున్నారు.

అద్దం మీద కొట్టాను. అద్దం కిందికి దిగింది. మా అమ్మ.

"ఏందిరా, ఆషాఢంల అత్తగారింటికొస్తవా? సిగ్గు లేదా?"

"నువ్వు... నువ్వెట్ల వచ్చినవమ్మా? అత్తాకోడళ్లు..."

"ఒక్క గడప దాటొద్దు. దీనికి గడప ఏడుంది?" అని అమ్మ కారు తలుపు కింద వేలుపెట్టి చూపించింది. "పుస్తకాలు సదివినోనివి, నీకు తోచలె?"

నాకే తోచిందని చెప్పే ధైర్యం లేక మల్లెపూల పొట్లం వెనక్కి దాచుకున్నాను. వెనక స్వరాజ్యం పత్రిక అడ్డం పెట్టుకుంది. పత్రిక వణుకుతోంది.

"పోయిన ఏడాది నుంచి ఆ జాడీలు దించి కడగాలనుకుంటున్న" అంది అమ్మ. "నాకు మోకాళ్ల నొప్పులు. నువ్వేమో తానం జేసి, మడితోటి, రోజుకు రెండు దించుతుంటివి. నడుమ అడ్డమొస్తె ఆపేస్తవని ఊకున్న. తాళంచెవి గూడ మేకుకు తగిలిస్తి."

ముందు సీట్లో దస్రు తల వంచుకున్నాడు. "అమ్మ ముందుగాలనే జెప్పింది సేటు. మీకు జెప్పొద్దన్నది."

ఈశ్వరయ్యగారు తలుపు దగ్గర గొడుగు పట్టుకుని నిలబడ్డారు. నేను తడుస్తుంటే ఆయన మొహంలో నాకంటే ఎక్కువ బాధ. "లోపలికి రండి అనటానికి లేదు అల్లుడుగారూ" అన్నారు. "గొడుగు మాత్రం గడప దాటొచ్చు" అని చెయ్యి చాపి అందించారు.

"ఇంక రెండు పేజీలున్నయి. ఆగు" అని అమ్మ అద్దం ఎత్తేసింది.

ఆ రెండు పేజీలూ గొడుగు కింద నిలబడి విన్నాను. నిజం చెప్పాలంటే, ఆమె చదువుతుంటే నాకూ ఏడుపొచ్చింది. కారు దొరికిందన్న సంతోషం కూడా కొంత కలిసింది.

రాణికి విముక్తి దొరికాక అమ్మ దిగి, వీధి అరుగు మీద వియ్యపురాలి పక్కన కూర్చుంది. అరుగుకూ గడప లేదు. "పక్కూరు చిలుకూరు దాక పోయి రాండ్రి. గంటల రావాలె" అంది.

కోళ్ల మధ్య నలిగిన మల్లెలు స్వరాజ్యం చేతికిచ్చాను. వాసన చూసి, "ఎల్లిపాయ" అంది.

"అది కారుది. పూలయి కాదు."

"ఎవరిదైనా సరే" అని జడలో పెట్టుకుంది.

చిలుకూరు నుంచి తిరిగొస్తుంటే, కోదాడ ఇంకా రెండు మైళ్లుందనగా కారు ఒక్కసారి వణికి ఆగిపోయింది. దస్రు చెవి ఆనించి విని, "తొయ్యాలె సేటు. గేరు నేనెయ్యాలె" అన్నాడు. పట్టు చొక్కా చేతులు మడిచి వెనక్కి వెళ్లాను. బురదలో కాళ్లు జారుతున్నాయి. పక్కన గాజుల చప్పుడైంది. స్వరాజ్యం కుచ్చెళ్లు దోపుకుని నా పక్కన చెయ్యి వేసింది.

"నువ్వెందుకు దిగినవ్?"

"లోపల కూర్చుంటే మీరు కనబడటం లేదు."

ఇద్దరం భుజాలు ఆనించి తోశాం. కారు దగ్గింది, తుమ్మింది, మా మీద ఇంత బురద చిమ్మి దూసుకుపోయింది. దస్రు కిటికీలోంచి తల బయటపెట్టి, "అందుకుంది సేటు, ఆపితె మళ్ల అందుకోదు" అంటూ కనబడకుండా పోయాడు.

రోడ్డు మీద ఇద్దరమే మిగిలాం. రెండువైపులా తడిసిన పొలాలు. నలభై రోజుల్లో ఎప్పుడూ ఇంతసేపు ఇద్దరమే నడవలేదు. చాలా మెల్లగా నడిచాం. ఒకచోట తూనీగల్ని లెక్కపెట్టాం. నూట పదహారు దాటాక లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాం.

వాకిట్లోకి వచ్చేసరికి అమ్మ అరుగు మీదే ఉంది.

"ఇంతసేపేందిరా?"

"బండి ఆగిపోయిందమ్మా" అన్నాను నుదురు తుడుచుకుంటూ. "అంత దూరం తోసుకుంటూ వచ్చేసరికి నడుము పడిపోయింది."

అమ్మ నన్ను, కోడలిని, మా వెనక ఖాళీ రోడ్డును చూసింది.

"దేన్ని తోసినవ్‌రా? బండి దొడ్లకొచ్చి గంటన్నరాయె."