ఆఖరి మెట్టు పజిల్

"ప్రోగ్రామింగ్ అనేది రక్తంలో ఉండాలి అంకుల్! క్లాసులకెళ్తే వచ్చేది కాదు!" అని మనోహర్ అమెరికాలో, ఇర్వింగ్‌లోని తన అపార్ట్‌మెంట్‌లో, బిర్యానీ ప్లేటు చేతబట్టి ప్రకటించాడు. శనివారం భోజనానికి వచ్చిన రిటైర్డ్ డాక్టర్ పద్మనాభం గారు భక్తిగా తలూపారు.

మనోహర్ ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో సొల్యూషన్ ఆర్కిటెక్ట్. అంటే డబ్బాలు గీసి, వాటి మధ్య బాణాలు వేసే మహానుభావుడు. కోడు ముట్టి ఏళ్ళయింది. కాలేజీలో ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న భార్య చరితకి ఆ మాట చురుక్కుమంది. వచ్చే శుక్రవారంలోగా కాలేజీ వాళ్ళిచ్చిన కంప్యూటర్ పజిళ్ళన్నీ మెట్టు మెట్టుగా పూర్తిచేస్తేనే ఆమెకి పైక్లాసులో సీటు. ఇక మిగిలింది ఆఖరి మెట్టే.

"ఏదీ, ఆ పిల్లలాట ఇలా తే!" అంటూ మనోహర్ ఆమె ల్యాప్‌టాప్ లాక్కున్నాడు.

చిందరవందరగా ఉన్న కోడు లైన్లను వరసలో పేర్చాలి. మధ్యలో పనికిరాని లైన్లూ కలిపి ఉంటాయి. పేర్చాడు. తప్పు! మళ్ళీ పేర్చాడు. తప్పు! ఆ పజిల్‌కి జాలెక్కువ, తప్పు చేసేకొద్దీ తేలికవుతుంది. పనికిరాని లైన్లు తీసేసింది. మిగతావి అతికించింది. చివరికి రెండే ముక్కలు మిగిలాయి. మనోహర్ వాటినీ తిరగేసి పెట్టాడు! పాపం, అదే ఆ రెంటినీ కలిపేసి, "గుడ్ జాబ్!" అంది.

"చూశారా!" అని మనోహర్ చేతులు దులుపుకున్నాడు.

పద్మనాభం గారు చప్పట్లు కొట్టారు. "నాక్కూడా నేర్పవయ్యా! వచ్చే శనివారం డ్రైవ్ చేసుకుని వచ్చేస్తా!"

సోమవారం పజిల్ తెరిచిన చరిత ల్యాప్‌టాప్ పట్టుకుని మనోహర్ దగ్గరికి పరిగెత్తింది.

"ఏవండీ! మీరు నా పేరు మీద ఆడి అన్ని తప్పులు చేశారు కదా, ఈ పజిల్ నన్ను మొదటి మెట్టుకి దించేసింది!"

"సాఫ్ట్‌వేర్ ఊరికే దించదు చరితా. నీ లెవెల్ కనిపెట్టింది," అన్నాడు మనోహర్ గంభీరంగా. అంతలోనే గొంతు తగ్గించాడు. "శనివారం దాకా అక్కడే ఉండనీ. నువ్వు పైకెక్కితే పజిళ్ళు మళ్ళీ కష్టమైపోతాయి. అంకుల్ ముందు పరువు పోతుంది!"

"శుక్రవారం నా సీటు పోతుంది!"

ఒళ్ళు మండిన చరిత కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ వారమంతా ఇంట్లో పెరుగన్నమే. శుక్రవారానికి ఒక్కో మెట్టూ ఎక్కి, ఆఖరిది దాటి, సీటు ఖాయం చేసుకుంది.

శనివారం పద్మనాభం గారు కళ్ళజోడు సర్దుకుని ల్యాప్‌టాప్ ముందు చేరారు. తెర నిండా పైక్లాసు పజిల్.

"ఊఁ, కానీ మనోహర్! చూసి నేర్చుకుంటా."

మనోహర్ తెర వంక చూశాడు. నుదురు తుడుచుకున్నాడు. చరితని పిలిచి, తన కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఇలాంటి చిన్న చిన్నవి మా చరిత చెప్తుంది అంకుల్," అన్నాడు. "అంతా నేనే నేర్పించా!"