బుసకొట్టిన కారు

ఆదివారం పొద్దున్నే అన్నవరం వెళ్లి వ్రతం చేయించుకుని, భోజనాల వేళకు పిఠాపురంలో ఇంటికి తిరిగి వచ్చేయాలన్నది నాగదుర్గ ఆలోచన. ఆమె పట్టుబట్టి కొనిపించిన సెకండ్ హ్యాండ్ డీజిల్ కారుకు అదే తొలి ప్రయాణం. స్టీరింగ్ ముందు ఆమే కూర్చుంది. పక్కన భర్త హరిబాబు, వెనక అరటిపళ్లు ఒళ్లో పెట్టుకుని నాగదుర్గ తల్లి చిట్టెమ్మ. బస్సులో హాయిగా పోయేదాన్నని ఆవిడ బయలుదేరకముందే సణిగింది. దారిలో ఒక్కసారి ఆగినా దీన్ని అమ్మేస్తానని హరిబాబు తేల్చేశాడు.

కత్తిపూడి దాటి హైవే ఎక్కేసరికి కారు నీరసపడింది. నాగదుర్గ ఎంత తొక్కినా వేగం పెరగదు. కొబ్బరికాయల ట్రాక్టరు ఒకటి తాపీగా దాటిపోయింది. పైగా తొక్కినప్పుడల్లా బానెట్ కిందనుంచి బుస్సుమని చప్పుడు.

"ఆపమ్మా. పామది," అంది చిట్టెమ్మ.

హరిబాబుకి పామంటే చచ్చేంత భయం. కారు సరిగ్గా ఆగకముందే దూకి, రోడ్డుపక్కనున్న బంగార్రాజు టీకొట్టు బెంచీ ఎక్కి నిలబడి సంగతి చెప్పాడు. టీ తాగుతున్నవాళ్లు గ్లాసులతోనే వచ్చి బానెట్ ఎత్తారు. లోపల నీడలో ఏదో నల్లగా మెలికతిరిగి ఉంది. బానెట్ ఠక్కున దించేశారు.

తోక చూశానని ఒకడు, పడగే చూశానని ఇంకొకడు. కాసేపటికి అది నాగుపామైంది. అన్నవరం దారిలో కనబడింది కాబట్టి దేవతాసర్పమూ అయింది. వెళ్తున్న యాత్రికులు దిగి పసుపు కుంకుమలు చల్లారు. బంగార్రాజు గ్లాసుడు పాలు పోస్తే అవి సందులోంచి కారి వేడి ఇంజిన్ మీద చుయ్యిమన్నాయి. స్వామి స్వీకరించాడని అందరూ చేతులు జోడించారు. చిట్టెమ్మ వ్రతానికి తెచ్చిన అరటిపళ్లు అక్కడే నైవేద్యం పెట్టేసింది. ఆటోలు ఆగాయి, వెనక లారీలు నిలిచిపోయాయి. కారును అక్కడే వదిలేసి చిన్న గుడి కట్టిస్తే బాగుంటుందని ఎవరో అంటే, బెంచీ మీదనుంచి హరిబాబు వెంటనే ఒప్పేసుకున్నాడు.

ఇంతలో ఎవరో ఫోన్ చేస్తే తునినుంచి పాములు పట్టే ఐజాక్ వంకీకర్ర, గోనెసంచి పట్టుకుని మోటార్ సైకిల్ మీద వచ్చాడు. చాలాసేపు చెవి ఒగ్గి విన్నాడు. లోపల చప్పుడే లేదు.

"నిద్రపోయుంటదండి," అన్నాడు.

నాగదుర్గ వెళ్లి కారు స్టార్ట్ చేసి గట్టిగా తొక్కింది. బుస్సుమంది. జనం వెనక్కి తూలారు. కాలు తీసింది. ఊరుకుంది. మళ్లీ తొక్కింది, మళ్లీ బుస్సుమంది.

"నేను తొక్కితే బుసకొడుతోంది, కాలు తీస్తే ఊరుకుంటోంది. ఇంత చెప్పినమాట వినే పామెక్కడుందండీ?" అంది ఐజాక్‌తో.

ఆమె ఇంజిన్ ఆపేశాక అతను ఆలోచించి, బానెట్ ఎత్తి, వంకీకర్రతో తోకలా కనబడుతున్నదాన్ని పట్టి లాగాడు. రబ్బరు గొట్టం కొస ఊడి పైకి లేచింది. జనంలో సగంమంది అప్పటికే రోడ్డుకు అవతల ఉన్నారు.

నాగదుర్గ దగ్గరకొచ్చి చూసింది. టర్బో బలంగా ఇంజిన్‌లోకి తోయాల్సిన గాలి ఆ గొట్టంలోంచే పోవాలి. బిగించే క్లిప్పు వదులై, గాలంతా పక్కకు తన్నేస్తోంది. గాలి అందకే కారు లాగలేదు, గాలి పోతూనే బుసకొట్టింది. డిక్కీలోంచి స్క్రూడ్రైవర్ తెచ్చి, ఇంజిన్ చల్లారేదాకా ఆగి, గొట్టం మొదలంటా తొడిగి, క్లిప్పు స్క్రూ ఇక తిరగనంత వరకూ బిగించింది. చెంగుకి చేతులు తుడుచుకుని స్టార్ట్ చేసి తొక్కింది. బుస లేదు. ఇంజిన్ గుండెనిండా ఊపిరి పీల్చుకున్నట్టు గర్జించింది.

బంగార్రాజు మొదట చప్పట్లు కొట్టాడు, తరవాత అందరూ కొట్టారు. గుడి ఆలోచన చేసినవాడు మాత్రం దిగులుగా వెళ్లిపోయాడు. హరిబాబు అమ్మకం మాట ఎత్తలేదు.

రత్నగిరి ఘాట్ రోడ్డు మీద కారు బస్సునీ, రెండు జీపుల్నీ దాటేసింది. చిట్టెమ్మ ముందుకు వంగి కూతురి భుజం తట్టి, "నెమ్మదమ్మా, స్వామి ఎక్కడికీ వెళ్లిపోడు," అంది. గొంతులో గర్వం దాగలేదు.

హరిబాబు కొండ ఎక్కేదాకా రెండు కాళ్లూ సీటు మీదే పెట్టుకుని కూర్చున్నాడు.