అప్పీలు లేని ఈతకొలను

ఆ ఉదయం జడ్జిగారి బావమరిది వేసుకున్న పథకం చాలా సాదాది. ముందు కాఫీ తాగాలి, తర్వాత ఈతకొలనులో క్లోరిన్ పొడి చల్లాలి, గోడలకు పట్టిన పాకుడు బ్రష్షుతో గీకాలి, ఆపైన మోటారు వేసి పడుకోవాలి. ఆఖరి అంశం మీద అతనికి మొదటినుంచీ గట్టి పట్టుంది. కొలను ఆ గతికి రావడానికి కారణం కూడా అదే. వారంనుంచి మోటారు వెయ్యడం మరిచి పడుకుంటున్నాడు. కదలని నీళ్ళు పచ్చబడి, కప్ప కూడా మొహమాటపడి దిగాల్సిన స్థితికి వచ్చాయి.

బావ రిటైరైన జడ్జి. కోర్టు ఆయన్ని వదిలినా ఆయన కోర్టును వదల్లేదు. ఇంట్లో చెంచా పోయినా విచారణ, సాక్ష్యం, తీర్పు. తీర్పుకు అప్పీలు లేదు. అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆయన వంశంలోనే లేదు. ఒకరి పనిలో మరొకరు వేలు పెట్టకూడదన్నది ఆ ఇంటి చట్టం. ఆరోజు తెల్లవారుజామున ఊరికి బయల్దేరుతూ బావమరిదిని తట్టి లేపి మరీ చెప్పారు. "రేపు సాయంత్రం నేనొచ్చేసరికి అడుగున పలకలు కనపడాలి. అవి కనపడకపోతే నువ్వు కనపడకూడదు."

తానుండే మేడమీద గది పోతే బావమరిదికి తలదాచుకునే చోటు మరొకటి లేదు. ఉన్న ఇద్దరు స్నేహితులూ అతన్ని చూస్తే వీధి మారతారు. వయసా, వెనక్కి రాదు. చదువా, ఏనాడూ ముందుకు రాలేదు. ఇలాంటివాణ్ణి లోకం అక్కగారింట్లోనే ఉంచుతుంది. అక్కడ కూడా ఊరికే ఉంచదు.

క్లోరిన్ చల్లాడు. భుజాలు పడిపోయేదాకా గీకాడు. నీళ్ళు మాత్రం పచ్చగానే నవ్వుతున్నాయి. నీటిని పరీక్షించే చుక్కల మందు తెద్దామని కొట్టుకు బయల్దేరాడు.

అతను గేటు దాటాడో లేదో, జడ్జిగారి తల్లి చేతికర్ర పొడుచుకుంటూ మోటారు గదిలోకి వెళ్ళి, నాచును చంపే నీలం మందు ఒక చెంబుడు తెచ్చి కొలనులో ఒంపేసింది. ఆవిడ లోపలికి వెళ్ళగానే, వంటింటి కిటికీలోంచి ఇదంతా చూసిన అక్క వచ్చి మరో చెంబు ఒంపింది. ఇద్దరూ చేతులు కడుక్కుని ఏమీ ఎరగనట్టు కూర్చున్నారు. చట్టమంటే భయం ఉండాలి కదా.

బావమరిది తిరిగొచ్చేసరికి నీళ్ళు నెమలికంఠం రంగులో ఉన్నాయి. గాజు గొట్టంలో పట్టి చుక్కలు వేస్తే, మందుతో ఇచ్చిన అట్టమీద అచ్చువేసిన ఏ రంగునూ పోలని రంగొకటి తేలింది. భయపడ్డవాడు చేసే పనే చేశాడు. మిగిలిన క్లోరిన్ డబ్బా మొత్తం బోర్లించాడు. ఆ ఘాటుకు పెరట్లో కాకులు కాపురం మార్చాయి.

"ఏం చేశావురా?" అంది అక్క, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని.

"ఏం చేశానో తెలిస్తే బాధే లేదక్కా."

మర్నాటికి నాచు చచ్చి అడుగున పేరుకుంది. దాన్ని గొట్టంతో లాగేసి తలెత్తి చూసిన బావమరిది నిర్ఘాంతపోయాడు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. పలకల మధ్య గీతలతో సహా కనపడుతున్నాయి. మొదలుపెట్టిన పని పూర్తయితే ఎలా ఉంటుందో అతనికి అంతవరకూ తెలియదు. ఏం చెయ్యాలో తోచక గట్టుమీద చతికిలపడ్డాడు.

సాయంత్రం వచ్చిన జడ్జిగారు గట్టుమీద వంగి అడుగంతా కళ్ళతో గాలించారు. "పలకలు కనపడుతున్నాయి" అని మాత్రం అయిష్టంగా ఒప్పుకుని, చెడ్డీ వేసుకుని దిగారు. ప్రయాణపు బడలిక తీరేదాకా మునుగుతూ తేలుతూ ఈదారు. తర్వాత మెట్లెక్కి పైకొచ్చారు.

పేరుమోసిన లాయర్ల నోళ్ళు మూయించిన ఆ వెండి జుట్టు చిలకపచ్చగా నిగనిగలాడుతోంది. కనుబొమలూ అంతే. తువ్వాలు అందించబోయిన అక్క చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. పెద్దావిడ కళ్ళద్దాలు సవరించుకుని, "ఎవరే ఆ పెద్దమనిషి? మన కొలనులో ఎందుకు దిగాడు?" అని కోడల్ని అడిగింది.

జడ్జిగారు కిటికీ అద్దంలో చూసుకున్నారు. అవతల ఎవరో ఉన్నారనుకుని పలకరింపుగా తల ఊపారు కూడా. అవతలాయనా ఊపాడు. అప్పుడు తెలిసింది.

తడి చెడ్డీతోనే కుర్చీ వేయించుకున్నారు. నీలం మందు డబ్బా తెప్పించి, దాని వెనక ఉన్న సన్నని అక్షరాలు పైకి చదివారు. అందులో రాగి ఉందట. మోతాదు మించి, దానికి క్లోరిన్ కూడా ఎక్కువైతే నెరిసిన జుట్టుకు పచ్చరంగు పడుతుందట. చదవడం కాగానే బావమరిది వైపు తిరిగారు.

"ఈ మందు పోసింది ఎవరైనా సరే, ఈ ఇంట్లో ఉండటానికి వీల్లేదు. ఇదే తీర్పు."

ఆ డబ్బా మూతైనా తాను తియ్యలేదని బావమరిది గొణిగాడు. ముద్దాయిలందరూ మొదట అనే మాట అదేనన్నారు జడ్జిగారు. మేడమీద గది కళ్ళముందు కదిలి, అతను తల వాల్చేశాడు.

అప్పుడు అక్క ముందుకొచ్చింది. "నేను పోశానండీ. వాడు వీధిన పడతాడని బెంగపడ్డాను. అత్తయ్య పోస్తుంటే చూసి, మంచిదే కాబోలనుకున్నాను."

జడ్జిగారు తల్లి వైపు చూశారు. ఆవిడ బెదరలేదు.

"పోశాన్రా. నిన్న నువ్వు ఊరెళ్ళేముందు డబ్బా ఎత్తి సగం ఒంపుతుంటే కిటికీలోంచి చూశాను. నా కొడుకు చేసింది తప్పెందుకవుతుందని నేనూ ఓ చెంబు పోశాను."

వీడివల్ల ఏమవుతుందిలే అని తెల్లవారుజామున గుట్టుగా మందు కుమ్మరించి కారెక్కిన మనిషి, ఇప్పుడు చేతిలోని డబ్బాను మెల్లగా కుర్చీ కిందికి తోశారు. అక్క మాత్రం చకచకా లోపలికెళ్ళి పెట్టెలు కిందికి దించడం మొదలుపెట్టింది. ఈ ఇంట్లో ఒక్క తీర్పు ఆయనకు కూడా వర్తిస్తే చూడాలని కాపురానికొచ్చిన నాటినుంచీ ఆవిడ కోరిక.

తీర్పు ప్రకారం ఆ ఇంట్లో ఉండే హక్కు బావమరిది ఒక్కడికే మిగిలింది. అతనికి వంట రాదు.