శుక్రవారం కేకు వంతు

బుధవారం పొద్దున్న సిసెల్ అనుకున్నది చాలా చిన్న విషయం: కాఫీ తాగాలి, సాయంత్రం దాకా ఎవరి కంటా పడకుండా గడిపేయాలి. ఓర్హూస్ ఊళ్లోని ఆ పడవ టికెట్ల ఆఫీసులో ఆమె ప్రొబేషన్ శుక్రవారంతో ముగుస్తుంది. ఉంచుతారో పంపేస్తారో ఆ రోజే తేలుతుంది.

అంతలో మేనేజరు ప్రెబెన్ తొంగిచూశాడు. "సిసెల్, ఈ శుక్రవారం అందరికీ కేకు తెచ్చే వంతు ఎవరిదో కాస్త చూడమ్మా. డేటాబేస్‌లో మన గుడ్రున్ రాసిపెట్టిన ప్రొసీజర్ అనే చిన్న ప్రోగ్రాం ఉంది, దాన్ని పిలిస్తే, అంటే పేరు కొట్టి నడిపిస్తే చాలు."

పిలిచింది. తెర మీద 'పూర్తయింది' అని తప్ప పేరూ లేదు, ఊరూ లేదు. మళ్లీ పిలిచింది. మళ్లీ అదే. అసలే మొండిఘటం, పేరు చెప్పేదాకా వదలనని పిలుస్తూనే పోయింది. ప్రోగ్రాముల్లో ఫంక్షన్ అనేదాన్ని పిలిస్తే జవాబు చెప్పి ఊరుకుంటుంది. ప్రొసీజర్ అలా కాదు, నోరు మెదపకుండా పని కానిచ్చేస్తుంది. దీని పని, పిలిచినప్పుడల్లా వంతును తరువాతివాళ్ల మీదికి జరిపి, వాళ్లకో మెయిల్ కొట్టడం.

"నా వంతు మొన్ననేగా అయింది! మళ్లీ నాకేమిటి?" అన్నాడు పక్క బల్ల యెప్పె.

"నాకూ మెయిల్ వచ్చిందయ్యా!" అంది వెనకనుంచి సోల్వై.

తను పిలిచిన ప్రతిసారీ ఒకరికి మెయిల్ పోయిందని సిసెల్‌కు అప్పుడర్థమైంది. నిజం చెబుదామంటే ప్రొబేషన్ అడ్డొచ్చింది. గబగబా వెతికితే 'వంతు వాయిదా' అనే ఇంకో ప్రొసీజర్ కనబడింది. అమ్మయ్య అనుకుని, మెయిల్ అందిన ప్రతివాళ్ల పేరు మీదా దాన్ని పిలిచింది. వంతు తప్పించుకోజూసినవాళ్లు అదే శుక్రవారం రెండు కేకులు తేవాలన్నది అక్కడి కట్టుబాటనీ, గుడ్రున్ దాన్నీ అందులో రాసేసిందనీ, అలా అందరికీ ఇంకో మెయిల్ పోయిందనీ పాపం ఆమెకేం తెలుసు! కేకు వంతుకు ఎదురుచెప్పడం ఆ ఆఫీసులో ఎవరికీ ఇంటా వంటా లేదు. అందరూ సణుక్కున్నారు, అందరూ తెచ్చారు.

శుక్రవారం బల్లలు చాలక కిటికీ గట్ల మీదా, చివరికి ప్రింటరు మీదా కేకులే.

"ఎవరి నిర్వాకం ఇది?" అన్నాడు ప్రెబెన్.

"నాదే," అంది సిసెల్ తలొంచుకుని. "పేరు చెప్పట్లేదని పిలుస్తూ పోయాను."

ప్రెబెన్ గదంతా ఓసారి కలయజూశాడు. "అందరూ తెచ్చారు. గుడ్రున్, నీ కేకేదీ?"

"నాకు మెయిల్ రాలేదు మరి," అంది గుడ్రున్ కాఫీ కప్పులోకి చూస్తూ.

సిసెల్ అక్కడే ప్రొసీజర్ తెరిచింది. లోపల ఒక వాక్యం: గుడ్రున్ వంతు వస్తే దాటిపో.

"ఇన్నేళ్లూ మా కేకులు తినిపోయావా తల్లీ!" అన్నాడు యెప్పె.

ప్రెబెన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఎవరూ పట్టుకోలేనిది పట్టావు సిసెల్. సోమవారం నుంచి నువ్వు పర్మనెంటు. ముందా వాక్యం పీకెయ్." సిసెల్‌కి పట్టరాని సంతోషం కలిగింది. ఆ ఊపులోనే వాక్యం తీసేసి, ఆకలి తీరా కేకు తింది.

పై శుక్రవారం గుడ్రున్ మొట్టమొదటిసారి కేకు తెచ్చింది. తలా ఒక ముక్క నోట్లో పెట్టుకున్నారు. ఒక్కొక్కరే దాన్ని కాగితం రుమాల్లోకి ఉమ్మేసి కాఫీ కోసం పరిగెత్తారు.

పర్మనెంటు ఉద్యోగినిగా సిసెల్‌కు అప్పగించిన మొదటి పని, ఆ వాక్యాన్ని యథాస్థానంలో తిరిగి పెట్టడం.