గిర్ని కాడికి కల్నల్

తండాకు కల్నల్ వస్తున్నాడట. గంగక్క చెప్పిందని ధన్‌సింగ్ అందరికీ చెప్పాడు. గంగక్కను అడిగితే, నేను చెప్పలేదు, విన్నది అన్నానంతే అంటుంది. ఆమె అన్నది ఇది: "మ్యాప్ గీస్తడంట. ఒకటే జాగ అందరికీ చూపిస్తడంట. ఎవలకు వాళ్లకు అది నాదే అనిపిస్తదంట. చదువుకోవచ్చు గని రాయొద్దంట. రాస్తే చంపుతడంట."

ఇదంతా ఆమెకు గోడ అవతల నుంచి భాను నోటి వెంట వినపడింది. చండ్రుగొండ దాటాక వచ్చే ఆ తండాలో కంప్యూటర్ ఇంజనీరింగ్ చదివింది భాను ఒక్కతే. ఆ పొద్దున పదింటికి హైదరాబాద్ కంపెనీ వాళ్లతో వీడియోలో ఇంటర్వ్యూ. పోయినసారి ప్రశ్నలడిగిన సుజన మేడమ్, "పుస్తకం అప్పజెప్పకండి. మీ మాటల్లో చెప్పగలిగితేనే ఉద్యోగం" అని మరో అవకాశం ఇచ్చింది. భాను పెందలాడే లేచి మళ్లీ పుస్తకమే అప్పజెప్పుకుంది: "కెర్నల్ ఒకటే కోడ్‌ను అన్ని ప్రాసెస్‌ల మెమొరీలోకి మ్యాప్ చేస్తుంది. ప్రతి ప్రాసెస్‌కూ అది తనదే అనిపిస్తుంది. చదవవచ్చు, రాయకూడదు. రాస్తే కెర్నల్ ఆ ప్రాసెస్‌ను చంపేస్తుంది."

కెర్నల్ అంటే కంప్యూటర్ లోపల పెత్తనం చేసే ప్రోగ్రామ్. ప్రాసెస్ అంటే దాని కింద నడిచే పని. జొన్నలు చెరుగుతున్న గంగక్కకు అది కల్నల్‌గా వినపడటంలో వింత లేదు. ఆమె తమ్ముడు మిలిట్రీలో వంట చేస్తాడు.

మాట అక్కడితో ఆగేదే. కానీ తండాలో సిగ్నల్ సరిగ్గా అందేది పిండి గిర్ని షెడ్డులోనే. భాను అక్కడ బల్ల వేసి, గోడకు ఉతికిన దుప్పటి కట్టింది. గిర్ని నడిపే తల్లి సక్రి ఆ పూట దాన్ని బంద్ పెట్టింది తన కోసమేననుకొని మురిసింది కూడా. జొన్నల సంచులతో వచ్చినవాళ్లు బల్లను, దుప్పటిని, ఇస్త్రీ చొక్కాలో భానును చూశారు. కల్నల్ వస్తే తప్ప గిర్ని ఎందుకు బంద్ అవుతుంది?

తెర మీద సుజన కనపడి, ఒకటే కోడ్‌ను అన్ని ప్రాసెస్‌లూ ఎలా వాడుకుంటాయని అడిగిందో లేదో, పాసుబుక్కు బనీనులో దోపుకొని ధన్‌సింగ్ బల్ల ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"నమస్తే కల్నల్ మేడం. అడివంచుకున్న మిరపతోట నాది. ఇంకెవలకు చూపియ్యొద్దు."

"మా చేను గూడ," అంది వెనక నుంచి గంగక్క.

భాను అతన్ని పక్కకు జరపబోయింది. "మామా, కల్నల్ గాదు, కెర్నల్. కంప్యూటర్ల ఉంటది."

"జాగలన్నీ మాయమయ్యేది కంప్యూటర్లనే గద."

సుజన నవ్వలేదు. "భానూ, అదే ప్రశ్నకు జవాబు ఆయనకు చెప్పండి. నేను వింటాను."

పుస్తకంలోది ఒక్క ముక్కా గుర్తు రాలేదు. భాను చుట్టూ చూసింది. కనపడింది గిర్ని ఒక్కటే.

"మామా, నీకు గిర్ని ఏడుంటది?"

"ఏడుంటదేంది? నా వాకిలి ముంగట."

"గంగక్కా, నీకు?"

"మా కొట్టం ఎనక."

"ఉన్నది ఒకటే గిర్ని. ఎవల అడ్రస్ వాళ్లది. మరి మామ జొన్నలు, నీ జొన్నలు కలుస్తయా?"

"కలిస్తే ఊకుంటనా?"

"గట్లనే. ఇంటికో గిర్ని పెడితే తండాల జాగ చాలదు. అందుకే ఒకటే పెట్టి అందరికీ తొవ్వ చూపిస్తది కెర్నల్. ఎవల గింజలు వాళ్లు పట్టించుకోవచ్చు. గిర్ని రాయి మాత్రం ముట్టొద్దు. ముడితే?"

"మీయమ్మ మనల్ని, సంచిని బయట పారేస్తది," అన్నాడు ధన్‌సింగ్, అనుభవం మీద.

"గదే మామా. నీ తోట సంగతి కాదు."

సుజన ఇప్పుడు నవ్వింది. "సోమవారం నుంచి రాగలరా భానూ? ఒక్కటి చెప్పండి, మీ తండాలో కెర్నల్ ఎవరు?"

అందరూ సక్రి వైపు చూశారు.

"అమ్మా, అందరికీ ఒకటే గిర్ని ఉండటం మంచి పద్ధతే కదా?" అని అడిగింది సుజన.

"నడిసినన్ని దినాలు మంచిదే మేడం," అంది సక్రి. "నేను బంద్ పెట్టింది కల్నల్ కోసం గాదు, నా బిడ్డ కోసం గాదు. నిన్న బెల్టు తెగింది. గిర్ని అందరిది అంటున్నరు గద, కొత్తగూడెం పోయి కొత్త బెల్టు ఎవలు తెస్తరో చెప్పుండ్రి."

"ఇనపడ్తలేదు," అన్నాడు ధన్‌సింగ్, సంచి భుజానికెత్తుకుంటూ. సిగ్నల్ మాత్రం బాగానే ఉంది.