యాభై కిలోల పిల్ల

ఆ రోజు పొద్దున ఆ ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. పిల్ల బరువు చూసుకోవాలి, జడ వేయించుకోవాలి, వ్యానెక్కాలి. ఆడపిల్లల కుస్తీ లీగు వాళ్లు కొత్త జట్టుకి జూనియర్లను ఎంచుకుంటున్నారు. యాభై కిలోల విభాగంలో ఉన్నది ఒక్క చోటే. ఈసారి తప్పితే పిల్లకి వయసు దాటిపోతుంది. వీధంతా ‘గడుగ్గాయి’ అని పిలిచే ఆ పిల్ల మూడేళ్లుగా ఒళ్లు హూనం చేసుకున్నది ఈ ఒక్క ఉదయం కోసమే.

తండ్రి తూకం యంత్రాలు బాగుచేసే మెకానిక్. ఆయన చెయ్యి పడ్డ యంత్రం అబద్ధమాడదని చుట్టుపక్కల దుకాణాల వాళ్లందరికీ నమ్మకం. అలాంటి యంత్రం మీద గడుగ్గాయి ఊపిరి బిగబట్టి నిలబడితే, ముల్లు యాభై దాటి ఇంకో అరకిలో ముందుకెళ్లి ఆగింది.

"రాత్రి కూడా ఏం తినలేదు నాన్నా!" అంది గడుగ్గాయి, కళ్లు తుడుచుకుంటూ.

"ఏడవకు తల్లీ, ఏడిస్తే..." అని తండ్రి ఒక్క క్షణం ఆలోచించాడు. "సరే, ఏడువు. అదీ కాస్త తగ్గుతుంది."

రెండు స్వెట్టర్లు, పైన వానకోటు తొడిగి పిల్లని మెట్ల మీద పరుగెత్తించారు. వెనకే తండ్రి, ఆయన వెనక తువ్వాలుతో తల్లి. ఆ అడుగుల చప్పుడుకి పై అంతస్తు వాళ్లు మంటలు అంటుకున్నాయనుకుని పిల్లాపాపలతో కిందికి దిగారు. వాళ్లకి సర్దిచెప్పేసరికి ఆలస్యమైంది. తర్వాత వ్యాను అద్దాలన్నీ మూసేసి బయలుదేరారు. లోపల పిల్లతో పాటు తండ్రి, తల్లి, నాయనమ్మ కూడా ఉడికిపోయారు. వాళ్లలో తల్లే ముందు తట్టుకోలేకపోయింది.

"ఒక మాట చెప్తాను, తిట్టకండి. ఆ యంత్రం కింద మర నేనే కాస్త తిప్పాను. ఎక్కువ చూపిస్తే పిల్ల జాగ్రత్తగా ఉంటుందని."

తండ్రి బ్రేకు తొక్కాడు. "నువ్వూనా? నేనూ తిప్పానే!"

ఒక్కసారిగా వ్యానులో పండగ మొదలైంది. అద్దాలు దిగాయి, స్వెట్టర్లు ఊడాయి. గడుగ్గాయి సీసాడు నీళ్లు గటగటా తాగేసింది. నాయనమ్మ సంచిలోంచి తీసిచ్చిన అరటిపండు సగం నోట్లో ఉండగానే, ఆ పెద్దావిడ మెల్లగా నోరు విప్పింది.

"అబ్బాయ్, పిల్ల చిక్కిపోతోందని నేను కూడా ఆ మర తిప్పానురా. వెనక్కి. తక్కువ చూపిస్తే రెండు ముద్దలు తింటుందని."

"ఎంత తిప్పావమ్మా?"

"బిగుసుకునేదాకా."

గడుగ్గాయి నమలడం ఆపేసింది. మింగాలో ఉమ్మాలో తెలియక తల్లి వైపు చూసింది. తల్లి భర్త మీద విరుచుకుపడింది. "వెనకాల నాలుగు యంత్రాలున్నాయిగా! దేనిమీదైనా ఎక్కించండి!"

"నాలుగూ రిపేరుకొచ్చినవే," అన్నాడు మెకానిక్.

ఎంపికలు జరిగే చోట తూకం గదిలోకి మగవాళ్లని రానివ్వరు కాబట్టి తండ్రి తలుపు దగ్గరే నిలబడిపోయాడు. లోపల అమ్మాయిలు వరసలో ఉన్నారు, పక్కనే వాళ్ల తల్లులు. గడుగ్గాయి వంతు వచ్చింది. తెరమీద అంకెలు అటూఇటూ ఊగి ఆగాయి. యాభై కిలోల రెండు వందల గ్రాములు.

"చూడండమ్మా..." అని తూకం అధికారిణి ఏదో చెప్పబోయింది. "అంతా నావల్లే!" అని నాయనమ్మ ఘొల్లుమంది. అధికారిణి మళ్లీ నోరు తెరిచింది. ఈలోగా తల్లి బల్ల మీది కత్తెర అందుకుంది.

కుస్తీ ఎంతైనా పట్టుకో, జడ జోలికి మాత్రం రావద్దని ఇన్నేళ్లుగా షరతు పెట్టిన మనిషి ఆమే. నడుము దాటిన ఆ జడని రోజూ నూనె రాసి అల్లిందీ ఆమే. ఇప్పుడు కళ్లు తుడుచుకుని, మెడ దగ్గర పట్టుకుని, మూడు పాయలూ పరపరా కోసేసింది. గడుగ్గాయి మళ్లీ ఎక్కింది. సరిగ్గా యాభై.

వెనకున్న తల్లులు ఇదంతా కళ్లారా చూశారు. "వదినా, ఆ కత్తెర ఒకసారి ఇలా ఇస్తారా?" అంది ఒకావిడ. అధికారిణి మాట ఎవరికీ వినపడలేదు.

కొత్త జట్టు కోచ్ మేడం పరుగున వచ్చేసరికి నేలంతా జడలు.

"ఏంటమ్మా ఇది? ఈ రోజు ఒక కిలో దాకా ఎక్కువున్నా ఒప్పుకుంటారు. మీ ఆయనకి ఫోన్లో చెప్పానే!"

అందరూ తలుపు వైపు తిరిగారు. "చెబితే ధీమాగా తినేస్తుందని..." అని బయటి నుంచి నీరసంగా జవాబొచ్చింది.

తల్లి చేతిలోని జడ వంక చూసింది, ఆ తర్వాత కూతురి వంక. "తల తేలిగ్గా ఉందా?" అంది.

"చాలా," అంది గడుగ్గాయి. మూడేళ్లుగా అమ్మకి చెప్పలేకపోయిన మాట అది.

"అయితే పో. ఓడి వచ్చావంటే మాత్రం ఊరుకోను."

ఓడలేదు. చివరి నిమిషం దాకా వెనకబడి ఉండి, ఎదుటి పిల్లని భుజమ్మీదకెత్తి పడేసినప్పుడు, అందరికంటే గట్టిగా అరిచింది తల్లే. జట్టు జాబితా సాయంత్రానికల్లా ఖాయమైంది.

జట్టు ఫొటోలో చాలామంది అమ్మాయిలకి జుట్టు మెడ దాటలేదు. అది తమ శిక్షణలోని క్రమశిక్షణ అని కోచ్ మేడం విలేకరులకు చెప్పింది.